సున్నపు గిరిలో ఓబులమ్మ

"తాకట్టు వద్దప్పా. నీ ముఖం చాలు. ఆ ముఖాన్ని నేనెప్పుడూ సంతలో నిలబెట్టను."

గుండప్ప అనే వడ్డీ వ్యాపారి, బీరప్ప అనే గొంగళ్ళు నేసేవాడికి ఇచ్చిన మాట అది. నలుగురి ముందు ఇచ్చాడు. ఆ మాట నిలబడి ఉంటే ఈ కథే లేదు.

రూకల మీద ఇంకా ఏ రాజు బొమ్మా పడని రోజులవి. దారులకు ఎవరూ పేర్లు పెట్టని రోజులవి. మా తాతల తాతలు కూడా ఎవరో చెప్తే విన్న రోజులవి. తెల్లబండ అని ఒక ఊరు. ఊరి వెనక సున్నపురాయి కొండ. ఊరి ముందు సంత మైదానం. కొండకూ మైదానానికీ నడుమ ఒక సున్నపు బట్టీ. ఆ బట్టీ ఓబులమ్మది.

ఓబులమ్మ ముసలిది. ఒంటరిది. రాయి కొట్టేది, కాల్చేది, పొడి చేసి గంపలో పోసుకుని అమ్మేది. గోడకు సున్నం కావాలన్నా ఆమే. తాంబూలంలోకి కావాలన్నా ఆమే. మూడో పనికి కావాలన్నా ఆమే. ఆ మూడో పని పేరు గిరి.

గిరి అంటే ఏమిటో వినండి. తెల్లబండలో అప్పులు రెండు రకాలు. పొలమో చెంబో తాకట్టు పెట్టి తీసుకునేది ఒకటి. అది తీరకపోతే చెంబు పోతుంది. ఏమీ పెట్టకుండా నోటి మాట మీద తీసుకునేది ఇంకొకటి. దాని పేరు చేబదులు. అది తీరకపోతే తీసుకుపోవడానికి చెంబు లేదు కదా, అందుకని మనిషి పరువు తీసుకుపోయేవారు. సంతరోజున బాకీ ఉన్నవాణ్ణి మైదానం నడుమ నిలబెట్టి, వాడి చుట్టూ సున్నంతో గిరి గీసేవారు. అప్పు ఇచ్చినవాడు వచ్చి తన చేత్తో గిరి తుడిచేదాకా వాడు కదలకూడదు. గిరిలో ఉన్నవాడికి ఎవరూ నీళ్ళివ్వకూడదు. గిరి దాటితే ఆ ఇంటికి నిప్పూ నీళ్ళూ బంద్. ఒకే మనిషికి అప్పు ఇచ్చిన ఒకడే మూడోసారి గిరి గీయించాడంటే, ఆ ఇంట్లోంచి ఒకరు వాడి ఇంటికి జీతానికి పోవాలి. జీతమంటే జీతం రాని జీతం. దోపిడీకి కట్టుబాటు అని పేరు పెడితే చాలు, దోచుకోబడేవాడు కూడా తలవంచి నిలబడతాడు.

ఇంకో ముచ్చట. గిరికి కావలసిన సున్నం ఎవరు కొనాలో తెలుసా? నిలబడేవాడే కొనుక్కోవాలి.

గీసేది మాత్రం ఓబులమ్మ. గిరికి దోసెడు జొన్నలు ఇచ్చేవారు. ఆమె వంగి గీసేది, వంగే వెళ్ళిపోయేది. తల ఎత్తేది కాదు. తెల్లబండలో ఎవరి పాదాలు ఎలా ఉంటాయో ఆమెకు తెలుసు. ముఖాలు తెలియవు. చూడాలంటే సిగ్గు.

ఇక బీరప్ప సంగతి. ఒక ఏడాది గొర్రెలకు రోగం తగిలింది. మంద పోయింది. ఉన్ని లేదు, మగ్గం ఖాళీ. భార్య అప్పటికే లేదు. కూతురు మాళి ఒక్కతే. తిండికని గానుగ యజమాని దగ్గర చేబదులు తీసుకున్నాడు. ఆ వడ్డీ కట్టడానికి ధాన్యం కొట్టు యజమాని దగ్గర తీసుకున్నాడు. ఆ రెండు వడ్డీలూ కట్టడానికి గుండప్ప దగ్గర తీసుకున్నాడు. ముగ్గురికీ వారం వారం పిడికెడు పిడికెడు పోశాడు. పోసింది పోసినట్టే పోయింది. అసలు అసలులాగే ఉంది.

ఒక సంతనాడు గుండప్ప మాట మరిచిపోయాడు. బీరప్పను మైదానంలోకి రమ్మన్నాడు.

గీసింది ఓబులమ్మ. నిలబడింది బీరప్ప. చూసింది ఊరు.

"ఏం బీరప్పా, ఎండలో గొంగడి కప్పుకోలేదేం?" అన్నాడొకడు. నవ్వారు. బీరప్ప కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు. సాయంత్రం మగ్గం అమ్మి వడ్డీ కట్టాడు. గుండప్ప గిరి తుడిచాడు.

రెండు నెలలు గడిచాయి. గుండప్ప మళ్ళీ రమ్మన్నాడు.

గీసింది ఓబులమ్మ. నిలబడింది బీరప్ప. చూసింది ఊరు.

ఆ రోజు బట్టీలోంచి అప్పుడే తీసిన సున్నం. ఓబులమ్మ వంగి గీస్తూ ఉంటే గీతమీద ఏదో చుక్క పడింది. సున్నం బుస్సుమంది. వాన లేదే అనుకుంది ఓబులమ్మ. ఇంకో చుక్క పడింది. మళ్ళీ బుస్సుమంది. అప్పుడు ముసలమ్మ తల ఎత్తింది. ఇన్నేళ్ళలో మొదటిసారి గిరిలో ఉన్న మనిషి ముఖం చూసింది.

ఆ రోజు ఆమె జొన్నలు తీసుకోలేదు. బట్టీ దగ్గరికి పోయి కూర్చుంది. తాను గీసిన గిరులన్నీ గుర్తుకొచ్చాయి. ఒక గాజులమ్మి గిరిలోంచి ఇంటికి పోకుండా ఊరు దాటి పోయింది, మళ్ళీ రాలేదు. ఒక కుమ్మరి గిరిలోంచి వచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు, పోయేదాకా. వాళ్ళ పాదాలు ఆమెకు గుర్తున్నాయి. ముఖాలు ఎంత వెతికినా గుర్తుకు రాలేదు.

మర్నాడు బీరప్ప గుడిసెకు పోయింది. వాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మాళి వాకిట్లో పుల్లలు విరుస్తోంది.

"లెయ్ బీరప్పా."

"ఎందుకు వచ్చినావమ్మా? మళ్ళా పిలిచినారా?"

"పిలవలా. లెయ్. ముగ్గురికీ పోసేది ఆపెయ్."

బీరప్ప లేచి కూర్చున్నాడు. "ఆపితే సంపుతారు."

"ఇప్పుడు బతికి ఉండావా? వారం వారం నువ్వు పోసేది వాళ్ళ వడ్డీకి చాలదు, నీ కడుపుకు చాలదు. పోసేది ఆపి, ఆ పిడికెడు ఒక కుండలో వెయ్. కుండ నా దగ్గర ఉంటాది. నీ చేతిలో ఉంటే ఆకలేసినప్పుడు తీస్తావు. కుండలో కొంచెం బరువు కాగానే ముందు చిన్న బాకీ వాడి దగ్గరికి పోదాం. 'ఇదిగో, సగం. ఈ పొద్దే తీసుకో, మొత్తం తీరిందను' అని అడుగుదాం."

"సగానికి ఎవరు ఒప్పుకుంటారమ్మా?"

"గాజులమ్మి ఊరిడిసి పోతే గానుగాయనకు ఏం దక్కింది? ఏమీ దక్కలా. ఆయన బట్టీ కాడికి వచ్చి, సగమిచ్చినా తీసుకునేవాణ్ణే అని నా ముందరే అనుకున్నాడు. లేనోణ్ణి పిండితే వచ్చేది ఏముండాది?"

బీరప్ప కళ్ళల్లో వెలుగు చూసి ఓబులమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"సంబరపడొద్దు. ఇది సుఖమైన దారి కాదు. కుండ నిండేదాకా వడ్డీ పెరుగుతాది. తిట్లు పెరుగుతాయి. గుండప్ప మూడో గిరి గీయించినా గీయిస్తాడు. ఇంక ఈ ఊళ్ళో ఎవడూ నీకు చేబదులివ్వడు. ఒప్పుకోనంటే మనం చేసేదేం లేదు, మళ్ళా అడగల్ల. అంతే."

"మూడో గిరి అంటే మాళి పోవల్ల కదమ్మా," అన్నాడు బీరప్ప నెమ్మదిగా.

వాకిట్లో పుల్లలు విరిచే చప్పుడు ఆగింది.

"ఆపకపోయినా పోవల్ల. ఆపితే ఒక దారి ఉండాది," అంది ఓబులమ్మ.

అలా కుండ మొదలయింది. బీరప్ప అడవి నుంచి కట్టెలు మోశాడు. మాళి ఊరివాళ్ళ ఉన్ని వడికింది. ఓబులమ్మ బట్టీకి కట్టెలు వాళ్ళ దగ్గరే కొని రూకలు కుండలో వేసింది. గానుగాయన వచ్చి వాకిట్లో అరిచాడు. ధాన్యం కొట్టాయన వచ్చి అరిచాడు. గుండప్ప వచ్చి అరవలేదు. వీధి వినేలాగా నెమ్మదిగా మాట్లాడాడు. అది ఇంకా హీనం. బీరప్ప తలుపు వెనక నిలబడి చెవులు మూసుకున్నాడు. వాకిట్లో ఓబులమ్మ కూర్చుని, "రూకలు కూడినాక మేమే వస్తాం, పొండి సామీ" అని ముగ్గురికీ ఒకటే మాట చెప్పింది.

ఈ సంగతి తెలిసి తిప్పన్న అనే పెద్దమనిషి వచ్చాడు. తలపాగా పెద్దది. మాట తియ్యనిది. బీరప్ప కట్టెల మోపుతో వస్తుంటే దారిలో ఆపాడు.

"ముసల్దాని మాటా వినేది? ముగ్గురూ నా చేతిలో మనుషులు. నా వాటా ముందు ఇచ్చెయ్, పావు వంతుకే బాకీలు తీర్పిస్తా."

"పని అయినాక ఇస్తానయ్యా," అన్నాడు బీరప్ప.

"నమ్మకం లేదా? నమ్మకం లేని చోట తిప్పన్న నిలబడడప్పా."

తిప్పన్న చిన్నబుచ్చుకోవడం చూసి బీరప్పకు సిగ్గేసింది. అప్పుల్లో ఉన్నవాడికి ఎవరు కొంచెం మర్యాదగా మాట్లాడినా దేవుడిలా కనిపిస్తారు. ఆ నెల వచ్చినదంతా ఇచ్చేశాడు. ఇంట్లో మిగిలిన ఒక్క గొంగడి కూడా భుజాన వేసి పంపాడు. తిప్పన్న మళ్ళీ తెల్లబండలో కనిపించలేదు. బీరప్ప ఓబులమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఎంత పోయింది?" అంది ఆమె.

చెప్పాడు.

"ముందు అడిగేవోడు తీర్చడు. తీర్చినాక అడిగేవోడికి ఇద్దాం. పో, కట్టెలు తే."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని బీరప్ప తర్వాత చాలాసార్లు అన్నాడట.

కుండ మళ్ళీ బరువెక్కింది. ముందు గానుగాయన దగ్గరికి పోయారు. సగం చూపించారు. ఆయన బీరప్పవైపు చూశాడు, కుండవైపూ చూశాడు, "తీరింది" అన్నాడు. ఓబులమ్మ కదల్లేదు. "ఈడ కాదు సామీ. సంతలో, నలుగురి ముందర అనల్ల. రేపు నీ కొడుకొచ్చి మళ్ళీ అడక్కుండా." ఆయన సంతలో అన్నాడు. ధాన్యం కొట్టాయన ఒకసారి కాదన్నాడు, రెండోసారి కాదన్నాడు, మూడోసారి సగానికి ఇంకొంచెం కలిపితే సరేనన్నాడు. కలిపారు. ఆయనా సంతలో అన్నాడు.

మిగిలింది గుండప్ప. ఓబులమ్మ ఒకసారి పోయింది. "వీల్లేదు" అన్నాడు. రెండోసారి పోయింది. "వీల్లేదు" అన్నాడు. మూడోసారి పోయింది. గుండప్ప కుండలోకి తొంగి చూశాడు. తాను ఇచ్చిన అసలు కంటే కుండలో ఉన్నదే ఎక్కువ. అయినా వీల్లేదన్నాడు.

"వాడికి తగ్గిస్తే ఊరంతా తగ్గించమంటుంది. నాకు రూకలు కాదే ముసల్దానా, భయం కావాల. వచ్చే సంతకు గిరి. ఆపైన వాడి కూతురు మా ఇంటికి."

సంత ముందురోజు బీరప్ప బట్టీ దగ్గరికి వచ్చాడు.

"సున్నం కావాలమ్మా."

ఓబులమ్మ కొలిచి పోసింది.

"ఇంకొంచెం పొయ్యమ్మా. గిరి ఈసారి పెద్దది కావల్ల. మాళి కూడా నిలబడతాదంట. నాయనను ఒక్కణ్ణే నిలబెట్టి చూడలేనంటాది."

ఓబులమ్మ గంపలో ఉన్న సున్నమంతా వాడి గుడ్డలో పోసింది. రూకలు తీసుకోలేదు.

సంత వచ్చింది. చైత్రమాసపు ఎండ. గీసింది ఓబులమ్మ. నిలబడింది బీరప్ప, పక్కన మాళి. చూసింది ఊరు.

గిరి ముగింపు దగ్గర ఓబులమ్మ ఆగింది. గంప కింద పెట్టింది. కుండ చంకన పెట్టుకుని లోపలికి అడుగు వేసింది. లోపలి నుంచి వంగి మిగిలిన గీత కలిపి, అక్కడే కూర్చుంది.

"ఏం ఓబులమ్మా, నువ్వెంత బాకీ?" అని అరిచాడొకడు. గొల్లుమన్నారు.

"నేను గీసినవన్నీ బాకీనే నాయనా," అంది ఆమె.

నవ్వు ఆగింది.

గుండప్ప ముందుకు వచ్చాడు. "బయటికి రా."

"నువ్వు తుడువు, వస్తా. కుండ ఇదిగో. తీసుకో, తీరిందను, తుడువు."

"నీకెందుకే ఇదంతా?"

"జవాబు చెప్పు గుండప్పా. సరే అను, లేదా ఎందుకు కాదో ఊరి ముందర చెప్పు. చెప్పేదాకా లేవను."

గుండప్ప వెనక్కి తిరిగాడు. పై గుడ్డ సర్దుకుని ఇంటికి పోయాడు. సంత ముగిసింది. జనం మూటలు కట్టుకుని పోయారు. గిరిలో ముగ్గురు మిగిలారు.

మొదటి రోజు ఎండ కాసింది. ఎవరూ నీళ్ళు పోయలేదు. రెండో రోజు ఎండ కాసింది. నీళ్ళబిందెలతో ఆడవాళ్ళు ఆ పక్కనే పోయారు. తలలు తిప్పుకుని పోయారు. బీరప్ప "నువ్వు పోమ్మా, నీకు గిరి లేదు" అని బతిమాలాడు. "నేనే గీసుకున్నా కదప్పా" అంది ఓబులమ్మ. మాళికి తన చెంగు కప్పింది. మూడో రోజు తెల్లారేసరికి ఓబులమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. ఒళ్ళో కుండ ఉంది. ఊపిరి లేదు.

ఇప్పుడు తెల్లబండకు ఒక చిక్కు వచ్చింది. ఊళ్ళో శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించకూడదు. అది ఒక కట్టుబాటు. అప్పు ఇచ్చినవాడు తుడిచేదాకా గిరి ఎవరూ దాటకూడదు. అది ఇంకో కట్టుబాటు. మనిషి ఆకలి అడ్డు రానన్నాళ్ళూ ఆ రెండు కట్టుబాట్లూ హాయిగా ఉన్నాయి.

పొద్దెక్కింది. పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. గుండప్ప వాకిట్లో నిలబడ్డారు.

"గుండప్పా, వచ్చి తుడువు. పొయ్యి వెలిగించుకోవల్ల."

తలుపు తెరుచుకోలేదు.

"గుండప్పా, తుడువు."

తెరుచుకోలేదు.

మూడోసారి ఎవరూ పిలవక ముందే తలుపు తెరుచుకుంది. వచ్చింది గుండప్ప భార్య. చేతిలో చల్లారిన పొయ్యి బూడిద. "మా ఇంట్లో మాత్రం వెలిగిందనుకున్నారా?" అంది. లోపలికి తిరిగి, "లేచి పో" అంది.

గుండప్ప తుడవడానికి గుడ్డ పట్టుకుని వచ్చాడు. "చేత్తో" అన్నారెవరో. గుండప్ప వంగాడు. వంగితే ఓబులమ్మ పాదాలు కనిపించాయి. బీరప్ప పాదాలు కనిపించాయి. మాళి పాదాలు కనిపించాయి. తల ఎత్తలేకపోయాడు. అరచెయ్యి మండుతుంటే గిరి చుట్టూ తుడిచాడు.

"తీరింది," అన్నాడు.

"వినబడలా."

"తీరింది."

"వినబడలా గుండప్పా."

"తీరింది!" అని అరిచి, కుండ తీసుకోవడానికి చెయ్యి చాపాడు. ముసలమ్మ వేళ్ళు కుండ చుట్టూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్క వేలూ విప్పుకోవలసి వచ్చింది, ఊరంతా చూస్తుండగా.

అప్పుడు ఆడవాళ్ళు పరుగెత్తి నీళ్ళు తెచ్చారు. ఓబులమ్మకు స్నానం చేయించడానికి. బతికున్నప్పుడు చెంబెడు పోయని వాళ్ళు కడవల కొద్దీ పోశారు. మాళి ముందుగా ఒక దోసెడు పట్టుకుని తాగింది.

బీరప్పకు ఆ తర్వాత ఎవరూ చేబదులివ్వలేదు. వాడు అడగనూ లేదు. చాలా ఏళ్ళకు మగ్గం కొనుక్కున్నాడు. వాడు నేసిన గొంగళ్ళకు మూడు వైపులే తెల్ల అంచు ఉండేది. నాలుగో వైపు నల్లగా, తెరిచి వదిలేసేవాడు. తెల్లబండ గొంగడి ఇప్పటికీ అలాగే ఉంటుంది. అంచు పూర్తిగా కలిపితే ఆ గొంగడి ఇక్కడ ఎవరూ కొనరు.

తెల్లబండ సంతలో ఇప్పటికీ గిరి గీయరు. బాకీ తీర్చలేనివాడి తరఫున ఒకరు ఒక కుండ పట్టుకుని అప్పు ఇచ్చినవాడి గడపకు పోతారు. "ఓబులమ్మ అడుగుతోంది" అంటారు. మూడుసార్లు పోతారు. ఒప్పందం కుదిరితే అప్పు ఇచ్చినవాడు వచ్చినవాళ్ళు గడప మీద గీసిన సున్నపు గీతను చేత్తో తుడిచి, తెల్లబడిన అరచెయ్యి నలుగురికీ చూపిస్తాడు. ఇక ఆ బాకీ ఎత్తకూడదు. ఎండాకాలం సంతలో ఎవరు నిలబడి ఉన్నా, అడగకుండానే నీళ్ళిస్తారు. తెల్లబండలో దాహం వేసినవాడు నీళ్ళడిగితే ఇచ్చేవాళ్ళే తలదించుకుంటారు.

కథ ఇక్కడ అయిపోవాలి. కానీ సిగ్గు అయిపోలేదు. ఆ సంత మైదానం పక్కనే ఇప్పుడొక ఫైనాన్సు ఆఫీసు ఉంది. తాకట్టు అక్కర్లేదని ఫోనులోనే అప్పులిచ్చింది. కట్టలేనివాళ్ళ ఫోటోలు వాళ్ళ ఫోన్లలో ఉన్న చుట్టాలందరికీ, పనిచేసే చోట అందరికీ పంపిస్తోంది. ఆ ఫోటోల్లో ఒకటి కుట్టుమిషను సుంకమ్మది. చూసిన మనమంతా పక్కవాడికి చూపించాం. అప్పు నేరం కాదు. నిలబెట్టడం నేరం, నిలబెడితే చూడడం నేరం.

సుంకమ్మ దగ్గర కుండ ఉంది. అందులో ఆమె తీసుకున్న అసలుకు మించే ఉంది. ఆఫీసు గడపకు ఒకసారి పోయాం, రెండుసార్లు పోయాం, మూడోసారి కూడా పోయాం. "ఓబులమ్మ అడుగుతోంది" అన్నాం. మేనేజరు గారూ, సరే అనండి, లేదా ఎందుకు కాదో ఊరి ముందు చెప్పండి. వచ్చే వైశాఖ అమావాస్య సంత ముగిసేలోగా జవాబు కావాలి.